పురుగుల పుస్తకములో పునరుక్తి

హైదరాబాదు నగరమున, మొజంజాహీ మార్కెట్టునకు సమీపమున, ఉస్మాన్‌గంజ్ అను టోకు వర్తకపు వాడ కలదు. గంజ్ అనగా సరకులు రాశులుగా వచ్చి చేరి, చేతులు మాఱు చోటు. మొజంజాహీ మార్కెట్టు రాతికట్టడము 1935లో నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రభుత్వకాలమున వెలసి, ఆయన రెండవ కుమారుని పేర వ్యవహరింపబడుచున్నది. పప్పులు, పిండి, రవ్వ నిలువయుంచు ఇట్టి వాడలలో వర్తకునకు పాత శత్రువొకటి కలదు. అది పిండిలో చేరు ఎఱ్ఱని చిన్న పెంకుపురుగు. బస్తా విప్పినపుడు అది కనబడినచో సరకు ధర పడిపోవును. ఆ పురుగు దేహములోని వంశలిపిని అక్షరాక్షరముగా వెదకి, అందు మాటిమాటికి వచ్చు పదములను లెక్కించిన శాస్త్రజ్ఞుల సంస్థ కొన్నియేండ్లు ఈ గంజ్ చేరువనే, నాంపల్లిలో ఉండెను. నేడు నేను విన్నవింపబోవునది ఆ లెక్క చరిత్ర.

శ్రోతలారా! నేను పదవి విరమించిన ఉపాధ్యాయుడను. బాలురకు ఛందస్సు, వ్యాకరణము బోధించుట నా వృత్తి. జీవశాస్త్రము నా కులవిద్య కాదు. ఐనను ఈ చరిత్ర చదువుచుండగా మన ప్రాచీనశాస్త్రములు వేసిన ప్రశ్నయే మఱియొక వేషమున ఎదుట నిలిచినట్లు తోచినది. ఒకే మాట మఱల మఱల వచ్చినచో అది దోషమా, గుణమా? ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పవలెనన్న రుచి యొక్కటియే చాలదు, లెక్క కావలయును. నా ప్రసంగసారమెల్ల ఇంతియే.

ప్రాణుల దేహకణములలో డి.ఎన్.ఏ. అను మిగుల సన్నని దారము కలదు. తల్లిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించు లక్షణములు అందు లిఖింపబడియుండును. ఆ లిపికి అక్షరములు నాలుగే: ఏ, సి, జి, టి. పట్టుపురుగు దేహమున ఈ వ్రాత ఇంచుమించు 43 కోట్ల అక్షరముల గ్రంథము. అది 28 జతల క్రోమోజోములుగా, అనగా 28 సంపుటములుగా, విభక్తమై యున్నది. సంపూర్ణమైన ఆ గ్రంథమునకు జీనోము అని పేరు.

ఈ గ్రంథమున పునరుక్తి మెండుగా కలదని శాస్త్రజ్ఞులు మొదట గ్రహించినది చదివి కాదు, తూచి. సీసియము అను లోహపు లవణము కలిపిన నీటిలో డి.ఎన్.ఏ.ను వేసి మహావేగమున త్రిప్పిన, అది తన సాంద్రతకు తగిన మట్టమున ఒక పట్టెగా నిలుచును. కొన్ని ప్రాణులలో ప్రధానమైన పట్టె ప్రక్కన చిన్న పట్టెలు వేఱుగా కనబడినవి. గ్రహము చుట్టు తిరుగు ఉపగ్రహమును తలచి వానికి శాటిలైటు అని పేరు పెట్టిరి. 1968లో బ్రిటెన్, కోన్ అను ఇరువురు అమెరికా శాస్త్రజ్ఞులు మఱియొక మార్గమున పరీక్షించిరి. డి.ఎన్.ఏ. జంటపోగులను వేడిచేసి విడదీసి, చల్లార్చి, అవి మఱల జతకూడుటకు పట్టు కాలమును కొలిచిరి. తిరునాళ్లలో తప్పిపోయినవానికి బంధువులు పదివేలమంది యున్నచో ఎవరో యొకరు వెంటనే ఎదురగుదురు. ఒక్కడే యున్నచో ప్రొద్దుగ్రుంకువఱకు వెదకవలసినదే. డి.ఎన్.ఏ. తునకలలోను కొన్ని అతిశీఘ్రముగా జోడు కనుగొనినవి. అవి వేలకొలది ప్రతులు గల పునరుక్తములని తేలినది.

కీటకములలో దీనికి ప్రసిద్ధమైన నిదర్శనము 1974లో లభించినది. గాల్, ఆథర్టన్ అనువారు డ్రోసోఫిలా విరిలిస్ అను చిన్న యీగజాతిని పరిశీలించిరి. దాని డి.ఎన్.ఏ.లో ఇంచుమించు నూటికి నలుబది పాళ్లు ఏడక్షరముల కుఱుచపదములే వరుసగా లక్షలమాఱులు వచ్చుట చేత నిండియున్నది. అట్టి పదములు మూడు. ఒకటి ఏ-సి-ఏ-ఏ-ఏ-సి-టి, తక్కిన రెండును దానినుండి ఒక్కొక్క యక్షరము మాత్రమే భేదించును.

ఇంత పునరుక్తికి ప్రయోజనమేమి? 1972లో సుసుము ఓనో అను జీవశాస్త్రజ్ఞుడు జీనోములో అధికభాగమునకు పనికిరాని పాతసామాను అను అర్థము గల పేరు పెట్టెను. ఆ పేరు లోకమున వ్యాపించినది. మన ఆలంకారికులును పునరుక్తిని కావ్యదోషములలో చేర్చిరి. ఐనను యమకమున అక్షరసముదాయము మఱల వచ్చినచో అలంకారమన్నవారును వారే. మీమాంసకులు ఇంకను ముందునకు పోయి, గ్రంథతాత్పర్యమును నిర్ణయించు ఆఱు గుర్తులలో అభ్యాసమును, అనగా ఆవృత్తిని, ఒకటిగా గణించిరి. వారి మతమున మఱల మఱల చెప్పబడినదే గ్రంథకర్త హృదయము. ప్రకృతి విషయమున ఈ రెండు తీర్పులును తొందరపాటే. పురుగు జీనోమునకు హృదయము విప్పి చెప్పు గ్రంథకర్త లేడు. కావున పునరుక్తి కనబడగానే అర్థమున్నదనరాదు, వ్యర్థమనియు అనరాదు. యాదృచ్ఛికముగా ఎన్నిమాఱులు రాదగునో ముందు లెక్కించి, నిజముగా ఎన్నిమాఱులు వచ్చినదో చూచి, ఆ రెంటి నడిమి అంతరమును విచారింపవలెను.

ఆ లెక్క మన ఛందశ్శాస్త్రజ్ఞులకు క్రొత్తది గాదు. గురులఘువులను అన్నివిధముల మార్చి వ్రాయుటను ప్రస్తారమందురు. స్థానమునకు రెండు వికల్పములు గనుక ఇరువది యక్షరముల కృతిచ్ఛందమున 10,48,576 వృత్తములు పుట్టును. మన ఉత్పలమాల వానిలో 3,55,799వది. డి.ఎన్.ఏ. ప్రస్తారమున స్థానమునకు వికల్పములు నాలుగు. కావున పదియక్షరముల పదములు ఎన్ని యని లెక్కించిన వచ్చు సంఖ్యయు సరిగా 10,48,576. నాలుగక్షరములును సమానముగా, ఏ క్రమమును లేక చల్లబడినవనుకొందము. అప్పుడు పట్టుపురుగు 43 కోట్ల యక్షరములలో ఏదేని యొక పదియక్షరముల పదము ఇంచుమించు 410 మాఱులు తనంతతానే రావలయును. ఏ-టి అను జంట అయిదుమాఱులు వరుసగా వచ్చుట పదియక్షరముల పదమే గదా! అది కొన్ని వందల చోట్ల కనబడినంతమాత్రమున ఆశ్చర్యపడ పనిలేదు.

అదే జంట పదిమాఱులు వరుసగా రావలెనన్న ఇరువది యక్షరములు కావలెను. అట్టి పదములు 1,09,951 కోట్లు. ఇట్లైనచో యాదృచ్ఛికముగా రెండువేల అయిదువందల జీనోములు వెదకినను అది ఒక్కమాఱు కనబడుట అరుదు. ఇచట నొక మెలకువ కలదు. పట్టుపురుగు వ్రాతలో ఏ, టి లు ఎక్కువ, సి, జి లు తక్కువ. ఏ, టి లు నూటికి ముప్పదేసి యున్నవని పెట్టుకొన్న, ఆ రెండువేల అయిదువందలు అరువదియేడునకు దిగిపోవును. అక్షరముల పాళ్లను విచారింపక గణించువాడు లేని యాశ్చర్యమును కల్పించుకొనును. సంఖ్యాశాస్త్రము ఇచట చేయు ఉపకారమిదియే: ఎంతవఱకు ఆశ్చర్యపడవచ్చునో హద్దు గీసి చూపును.

హద్దు దాటి మిగిలిన పునరుక్తి ఎట్లు పుట్టినది? తాళపత్రముల పరిచయము గలవారికి ఇది సులభముగా బోధపడును. ఒకే మాట వరుసగా పలుమాఱులు వచ్చిన పంక్తిని లేఖకుడు ఎత్తివ్రాయునపుడు కన్ను జారును. ఒకమాట ఎక్కువగా వ్రాయును, లేదా ఒకటి విడుచును. కణము రెండగునపుడు డి.ఎన్.ఏ.కును ప్రతి వ్రాయబడును. పునరుక్తస్థలములందు ఆ ప్రతియు అట్లే జారును. 1987లో లెవిన్సన్, గట్మన్ అనువారు ఈ జారుపాటే చిన్న పునరుక్తముల వృద్ధికి ముఖ్యకారణమని ప్రతిపాదించిరి. ఒకటి మొదలు ఆఱు వఱకు అక్షరములు గల అట్టి కుఱుచ పునరుక్తములకే మైక్రోశాటిలైటులని పేరు. తాళపత్రప్రతులలో ఒకే తప్పు రెండు ప్రతులందు కనబడిన, అవి ఒకే మాతృకనుండి పుట్టినవని పరిష్కర్తలు ఊహింతురు. అట్లే పునరుక్తిసంఖ్యలలోని సామ్యభేదములనుబట్టి ప్రాణుల వంశవృక్షమును నిర్మింపవచ్చును. పనికిరాని సామానన్నది వంశసాక్షి యైనది.

ఈ సాక్షిని మన నగరమునకు తెచ్చినవారిలో అగ్రగణ్యుడు లాల్జీ సింగు. ఆయన బ్రిటనులో పనిచేయుచు, పట్టెల కట్లపాము డి.ఎన్.ఏ.లో లింగనిర్ణయమునకు సంబంధించిన క్రోమోజోమునందు జి-ఏ-టి-ఏ అను నాలుగక్షరముల పదము దట్టముగా ఆవృత్తమగుటను పరిశోధించెను. ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్ 1984లో పునరుక్తముల ఆధారమున మనుష్యులను గుర్తించు పద్ధతిని కనుగొనెను. లాల్జీ సింగు హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో చేరి, పాము పునరుక్తమునుండి చేసిన సాధనముచేతనే అట్టి గుర్తింపును ఈ దేశమున సాధించెను. న్యాయస్థానములలో ఇట్టి పరీక్షలకు ఆదరము కలిగినపిదప, 1990వ దశకమున సి.డి.ఎఫ్.డి. అను ప్రత్యేక కేంద్రము హైదరాబాదులో నెలకొన్నది.

పాము నేర్పిన పాఠము పట్టుపురుగునకు పనికివచ్చుట ఈ కథలో చిత్రమైన ఘట్టము. జె. నాగరాజు కర్ణాటకమునుండి వచ్చిన పట్టుపురుగుల శాస్త్రజ్ఞుడు. ఆయన 1995లో లాల్జీ సింగు మొదలగువారితో కలసి, ఆ కట్లపాము సాధనమునే పట్టుపురుగు డి.ఎన్.ఏ.పై ప్రయోగించి, జాతుల భేదములు దానివలన తెలియునని ప్రకటించెను. తరువాత సి.డి.ఎఫ్.డి.లో పరిశోధనశాల నడపుచు, పట్టుపురుగు స్వంత పునరుక్తములను వెదకించెను. గ్రుడ్లు నెలలకొలది నిద్రించు జాతులును, ఆ నిద్ర లేక ఏడాదిపొడవున తరములు సాగించు ఉష్ణదేశజాతులును, ఈ పునరుక్తులనుబట్టి రెండు వేఱు శాఖలుగా విడివడినవి.

2005లో నాగరాజు బృందము ప్రకటించిన వ్యాసము ఈ విషయమున ముఖ్యమైనది. అందు 2 కోట్ల 17 లక్షలకు మించిన అక్షరములు పరిశీలింపబడినవి. ఏది పునరుక్తమో ముందే నియమము చేసికొనిరి: ఒకే యక్షరమైనచో పదునైదుమాఱులకు తక్కువ కారాదు, రెండు మొదలగు అక్షరముల పదమైనచో అయిదుమాఱులకు తక్కువ కారాదు. ఇట్లు లెక్కింపగా మైక్రోశాటిలైటులు జీనోములో నూటికి 0.31 పాళ్లని తేలినది. చూచుటకు అల్పముగా తోచును గాని, 43 కోట్లలో అది ఇంచుమించు 13 లక్షల యక్షరములు. ఏ, ఏ-టి, ఏ-టి-టి అనునవి అన్నిటికంటె ఎక్కువ. పదము పొడవు పెరిగినకొలది సంఖ్య వేగముగా తగ్గినది.

ఆ వ్యాసములోని మఱియొక ఫలితము ఛందస్సు నేర్చినవారికి ముచ్చట గొలుపును. కణము వాడుకొను వ్రాతభాగములందు మూడక్షరముల, ఆఱక్షరముల పునరుక్తములు అధికము. కారణము సులభము. ప్రోటీనును నిర్దేశించు వ్రాత, త్రికగణములవలె, మూడేసి యక్షరములుగా చదువబడును. పద్యపాదము నడుమ రెండక్షరములు చొప్పించిన తరువాతి గణములన్నియు చెదరును. మూడు చొప్పించిన ఒక గణము పెరుగునుగాని తక్కినవి చెదరవు. అట్లే రెండక్షరముల జారుపాటు జీవికి ప్రాణాంతకము కావచ్చును. మూడక్షరములది పలుమాఱులు సహ్యము. కావున పునరుక్తి యాదృచ్ఛికముగా పుట్టినను, ఎచట నిలుచునో నిర్ణయించునది జీవనమే.

సాక్షులందఱును సమానముగా పలుకరని కూడ అచటనే తెలిసినది. 198 పునరుక్తస్థలములను రెండు దూరపు పట్టుపురుగుజాతులలో పోల్చి చూడగా 36 మాత్రమే భేదమును చూపినవి. ఈ స్థలములు ఎక్కువగా నిలిచియున్నది పట్టుపురుగునకు మూలమైన అడవిజాతిలో. ఆ తరువాత అస్సాము దేశపు మూగా పట్టుపురుగులో. వేల యేండ్లుగా మానవుడు చేతులలో పెంచి ఎగురుటయే మఱపించిన ప్రాణి తన అడవి పుట్టిల్లును ఇట్లు అక్షరములలో దాచుకొనియున్నది.

ఈలోగా ఇతర కీటకముల గ్రంథములును వెలుగు చూచుచుండెను. పండ్లపై మూగు చిన్న యీగది 2000లో, మలేరియా దోమది 2002లో, పట్టుపురుగుది 2004లో, తేనెటీగది 2006లో ప్రకటింపబడినవి. పిండిలోని ఎఱ్ఱపెంకుపురుగు వ్రాతయు అప్పటికే పరిశోధకులకు అందుబాటులో నుండెను. దానిపై సమగ్రవ్యాసము 2008లో వచ్చినది. ఈ అయిదింటి పునరుక్తములను ఒక్కచోట చేర్చి, సునీల్ ఆర్చక్, ఈశ్వర్ మేడూరి, శ్రవణకుమార్, నాగరాజు 2007లో ఇన్‌శాట్‌డి.బి. అను పేర ఒక నిఘంటువువంటి భాండారమును ప్రకటించిరి. ప్రతి పునరుక్తమునకును పొడవెంత, ఎన్నిమాఱులు, ఏ స్థలమున, దాని యక్షరముల పాళ్లెట్టివి, శుద్ధమా, భిన్నమా అను వివరములు అందు కలవు. ఈ అయిదు పురుగులలో మలేరియా దోమ మనకు చిరపరిచితము. 1897లో రోనాల్డ్ రాస్ దోమకడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నది మన సికింద్రాబాదులోనే.

భిన్నపునరుక్తమనగా నడుమ ఒకటి రెండక్షరములు మాఱినది. పాఠభేదములున్న పద్యమును మఱియొక పద్యమందుమా, అదియే పద్యమందుమా? నియమము కఠినమైన సంఖ్య తగ్గును, సడలిన పెరుగును. ఈ చిక్కును తీర్చుటకు అదే కేంద్రమున ముదునూరి సురేశ్, హెచ్. ఏ. నాగరాజారాం 2007లోనే ఐమెక్స్ అను గణనసాధనమును రచించిరి. ఎన్ని భేదములవఱకు సహింపవలెనో వెదకువాడే అందు నిర్ణయించుకొనవచ్చును. మఱియొక హెచ్చరికయు స్మరింపదగినది. 2000లో ప్రకటితమైన యీగ జీనోములో ఇంచుమించు మూడవవంతు చదువబడక మిగిలినది. పునరుక్తి అతిదట్టమైన భాగము అదియే. ఏ లెక్కయైనను చదివిన పుటలకే చెల్లును.

ఈ గణనము వలన ఎవరికి మేలు? హిందూపురము, మదనపల్లె ప్రాంతముల పట్టురైతును తలపుడు. అతడు గ్రుడ్లు కొనునపుడు జాతిని కంటితో పరీక్షింపజాలడు, నమ్మి కొనును. ప్యూర్ మైసూరు వంటి దేశవాళీజాతి పట్టు తక్కువ యిచ్చినను ఎండకు నిలుచును. దానిని విదేశజాతితో సంకరపఱచి పంట తీయుచున్నారు. మూలజాతియే తెలియకుండ కలగాపులగమైనచో సంకరమునకు ఆధారమే పోవును. గూడు చూచి తెలియని కల్తీ పునరుక్తి చూచి తెలియును. ధాన్యమునకును ఇదియే న్యాయము. నాగరాజు బృందము వరిలోని ఎనిమిది పునరుక్తస్థలములను ఒకేమాఱు పరీక్షించి, బాసుమతి బియ్యములో నూటికి ఒక పాలు ఇతరజాతి కలిసినను పట్టుకొను విధానమును 2007లో ప్రకటించెను. గంజులలో వర్తకుడు గింజ పొడవు, వాసన చూచి చేయు తీర్పునకు ఇది తోడైన తక్కెడ.

ఇక పునరుక్తి సాక్ష్యమునకే గాని కార్యమునకు పనికిరాదా? 2014లో టోక్యో విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు మొదలగువారు దీనికి ఉత్తరము చెప్పిరి. పట్టుపురుగులలో ఆడుదానికి డబ్ల్యు అను క్రోమోజోము కలదు. అందు ప్రోటీనును నిర్దేశించు వ్రాత దొరకక, పునరుక్తములే నిండియుండుటచేత స్త్రీత్వమునకు మూలమెచటనో చిరకాలము తెలియలేదు. తుదకు ఆ పునరుక్తములనుండియే పుట్టు మిగుల చిన్న ఆర్.ఎన్.ఏ. తునక ఆడుపురుగును ఆడుపురుగుగా చేయుచున్నదని తేలినది. పాతసామాను గదిలోనే ఇంటి తాళపుచెవి దొరకినది. అంతమాత్రమున గదిలోని ప్రతి తుక్కును తాళపుచెవియే అనుట సరిగాదు. అధికభాగము జారుపాటు ఫలమే కావచ్చును. వేఱుచేయుటకే లెక్క.

సి.డి.ఎఫ్.డి. మొదట నాచారమున నుండెను, ఇన్‌శాట్‌డి.బి. అచటనే సిద్ధమైనది. పిమ్మట కొన్నియేండ్లు నాంపల్లిలో గృహకల్ప భవనమునను, మొజంజాహీ రోడ్డుపై తుల్జాగూడ సముదాయమునను ఆ కేంద్రము నడచి, తరువాత ఉప్పలునందలి స్వంత ఆవరణమునకు తరలినది. నాగరాజు 2012లో పరమపదించెను; లాల్జీ సింగు 2017లో. నవాబుల కట్టడములకు చరిత్రకారులు కలరు. అద్దెయిండ్లలో నడచిన ఇట్టి పాండిత్యమునకు శిలాఫలకములు లేవు. తెలుగుదేశపు శాస్త్రచరిత్ర వ్రాయబూనువారు ఈ పుటను విడువరాదని నా మనవి.

మనము అర్థము గానిదానిని వ్యర్థమని త్రోసివేయుటకును, నచ్చినదానికెల్ల అర్థము కల్పించుటకును అలవాటుపడినవారము. ప్రాతప్రతులను, దేశవాళీ విత్తనములను, పల్లెపదములను మొదటి యలవాటుచేత ఎన్నింటినో పోగొట్టుకొంటిమి. పురుగుల పుస్తకమును చదివినవారు ఈ రెండు తప్పులకు నడుమ మూడవదారి చూపిరి. పాఱవేయుటకు ముందు లెక్కింపుడు. పొగడుటకు ముందును లెక్కింపుడు.